హరీష్ కుప్ప

వట్లూరులో మెడికల్ షాపు పైన ఉన్న గదిలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు జరుగుతోంది. టీచరు ఇందుజ బోర్డు మీద మూడు మాటలు ఒకదాని కింద ఒకటి రాసింది. ఆల్సో, టూ, యాజ్ వెల్. మూడింటికీ అర్థం ‘కూడా’ అనే అంది. అర్థం ఒకటే అయినప్పుడు మూడెందుకండీ, ఒకటి నేర్చుకుంటే పోలేదా అని వెనక నుంచి ఎవరో అడిగితే క్లాసంతా నవ్వింది. ఇందుజ కూడా నవ్వింది. ముగ్గురు తోడికోడళ్లున్న ఇల్లనుకోండి, చేసే పని ఒకటే, ఎవరి పీట వాళ్లదే అని చెప్పింది. ఆల్సో ఎక్కువగా వాక్యం మధ్యలో కూర్చుంటుంది, మిగతా రెండూ చివర. టూ ఇంట్లో మాట, యాజ్ వెల్ కాస్త నిదానమైన మాట. మనం మాత్రం తెలుగులో ‘కూడా’ని ఎక్కడ పెడతామో ఆల్సోని అక్కడే పడేస్తాం, దాంతో ఇంటర్వ్యూలో నోరు తెరవగానే ఎక్కడి నుంచి వచ్చామో తెలిసిపోతుందని హెచ్చరించింది. తెలిసిపోతే వచ్చే నష్టమేమిటో ఆవిడా చెప్పలేదు, ఫీజు కట్టినవాళ్లూ అడగలేదు.

తర్వాత ఒక్కొక్కరినీ లేపి ఇంట్లోవాళ్ల గురించి మూడు వాక్యాలు చెప్పమంది. సాయిదుర్గ వంతు వచ్చింది. కొల్లేటి లంక నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, డిగ్రీ అయిపోయింది, వచ్చే సోమవారం తాడేపల్లిగూడెంలో కొత్తగా పెట్టిన ఒక ఆస్పత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. లేచి, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, మా నాన్న చేపలు పడతారని, మా అమ్మ ఇంట్లో ఉంటుందని ఇంగ్లిష్‌లో తప్పు లేకుండా చెప్పింది. మూడో వాక్యం ఆమె అనుకోకుండానే నోట్లోంచి వచ్చేసింది.

“ఐ హేవ్ ఏ బ్రదర్ ఆల్సో.”

“ఇదిగో, ఇప్పుడే కదా చెప్పుకున్నాం,” అంది ఇందుజ. “ఐ ఆల్సో హేవ్ ఏ బ్రదర్. లేదా చివర యాజ్ వెల్ అను. ఏదీ, మళ్లీ చెప్పు.”

సాయిదుర్గ మళ్లీ చెప్పింది. గొంతు పెంచమంటే పెంచి చెప్పింది. అందరి వైపూ తిరిగి చెప్పమంటే తిరిగి చెప్పింది. పక్కన కూర్చున్న నిస్సీ ఇంటర్ నుంచీ ఆమెకి స్నేహితురాలు. వానాకాలంలో సాయిదుర్గ అన్న హరీష్ పోయినప్పుడు లంకకి వచ్చి, ఆ రాత్రి సాయిదుర్గని పట్టుకుని కూర్చున్నది నిస్సీయే. ఇప్పుడు లేచి మేడమ్‌కి చెప్పేయబోయింది. సాయిదుర్గ బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఎందుకు ఆపిందంటే, ఆ గదిలో ఇరవైమంది తలూపుతున్నారు. ఈ అమ్మాయికి అన్న ఉన్నాడని అంతమంది నమ్ముతున్నారు. లంకలో అలా నమ్మేవాళ్లు ఒక్కరు లేరు. ఇంకోసారి చెప్పమన్నా చెప్పేదే.

క్లాసయ్యాక నిస్సీ ఊరుకోలేదు. మెట్ల దగ్గర ఇందుజకి సంగతంతా చెప్పేసింది. చెరువులో మోటారు వైరు తెగి నీళ్లలో పడటం, చూసుకోకుండా హరీష్ దిగడం, అన్నీ. ఇందుజ మనిషి చెడ్డది కాదు. మొహం మాడిపోయింది. సాయిదుర్గని గదిలోకి తీసుకెళ్లి, ఫ్యాను వేసి, మంచినీళ్లిచ్చి, నాకు తెలియదమ్మా అని రెండు మూడుసార్లు అంది. తర్వాత మాత్రం టీచరు టీచరే అయింది. కిందటి నెల ఏలూరులో చీరల షోరూమువాళ్లు పిలిచినప్పుడు, అన్నదమ్ములెంతమంది అన్న ప్రశ్న దగ్గరే నువ్వు ఏడ్చి బయటికొచ్చేశావట కదా అని అడిగింది. సాయిదుర్గ అవునంది.

“చూడమ్మా, ఈసారి అలా జరగకూడదు,” అంది ఇందుజ. “అన్న పోయాడని చెబితే ఎలా పోయాడంటారు, ఎప్పుడంటారు. ప్రశ్న మీద ప్రశ్న వస్తది. ఐ యామ్ ది ఓన్లీ చైల్డ్ అని చెప్పెయ్. అక్కడితో అయిపోద్ది. అబద్ధం కూడా కాదు కదా ఇప్పుడు.”

అలాగేనండి అంది సాయిదుర్గ. ఇందుజ తన ఎదురుగా అదే వాక్యం చెప్పించుకుంది. అందులో దిద్దడానికి ఏమీ లేదని మెచ్చుకుంది.

లంక చేరేసరికి పొద్దు గుంకింది. రోడ్డుకి రెండు వైపులా చెరువులే, గట్ల మీద అరటి చెట్లు, మోటారు షెడ్లు. ఇంటి ముందు అరుగు మీద తండ్రి ముత్యాలరాజు వల బాగుచేస్తున్నాడు. కన్నులు తెగినచోట వెదురు పుల్లకి చుట్టిన నైలాను దారం దూర్చి, బొటనవేలితో నొక్కి ముడేస్తున్నాడు. కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఆయన చెరువుల్లో చేపల పట్టుబడికి వెళ్లలేదు. జట్టువాళ్లు నాలుగైదుసార్లు పిలిచి ఊరుకున్నారు. ఇప్పుడు ఎవరూ పిలవకుండానే, శనివారం నేనూ వస్తానని తాతాజీతో చెప్పాడట. తాతాజీ జట్టుకి పెద్ద, ముత్యాలరాజుకి బావమరిది వరస. ఎన్నాళ్లని గోడలు చూస్తూ కూర్చుంటాడమ్మా అని సుబ్బాయమ్మ కూతురితో లోపల మెల్లిగా అంది. అన్నం వార్చుతూ మాట్లాడుతోంది. ఏ మాట మాట్లాడినా ఆవిడ చేతిలో పని ఉండాల్సిందే, లేకపోతే గొంతు నిలవదు.

సాయిదుర్గ పెరటి గుమ్మంలో కూర్చుని ఐ యామ్ ది ఓన్లీ చైల్డ్ అని మొదలుపెట్టింది. పెదవులు కదిలాయిగానీ శబ్దం రాలేదు. అరుగు మీద నుంచి ముత్యాలరాజు, ఇక్కడికొచ్చి గట్టిగా చదువమ్మా, నేనూ వింటాను అని పిలిచాడు. ఆయన చదువు ఐదో తరగతిలో ఆగిపోయింది. పిల్లలు పైకి చదువుతుంటే వినడం ఆయనకి మొదట్నుంచీ సరదా. హరీష్ పదో తరగతి లెక్కలు పైకి చదివితే పక్కన కూర్చుని, అయితే ఎంతొచ్చింది అని చివర్లో అడిగేవాడు.

అరుగు మీద కూర్చుని, తండ్రి మొహం చూస్తూ ఓన్లీ చైల్డ్ అనడం సాయిదుర్గ వల్ల కాలేదు. క్లాసులో చెప్పిన వాక్యమే అందుకుంది.

“ఐ హేవ్ ఏ బ్రదర్ యాజ్ వెల్.”

ముత్యాలరాజుకి బ్రదర్ తెలుసు. పుల్ల పట్టుకున్న చెయ్యి ఆగింది. మొత్తం కలిపి ఏమిటని అడిగాడు. నాకు అన్నయ్య కూడా ఉన్నాడు అని అంది. ఆయన పుల్ల వల మీద పెట్టి, మరి నేను చెప్పాలంటే ఎలా చెప్పాలని అడిగాడు. బ్రదర్ తీసేసి సన్ అనాలని చెప్పింది. ఆ చివర మాట పలకడం కష్టమైతే టూ అన్నా సరిపోతుంది నాన్నా, ఆల్సో అని ముందు కూడా పెట్టొచ్చు అంది. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సుబ్బాయమ్మ వింటోందని ఇద్దరికీ తెలుసు.

ముత్యాలరాజు మూడూ అని చూసుకున్నాడు. ఆల్సో దగ్గర నాలుక మడత పడింది. టూ తేలిగ్గానే వచ్చిందిగానీ ఆయనకి నచ్చలేదు.

“టూ అంటే పుటుక్కున తెగిపోద్దమ్మా,” అన్నాడు. “యాజ్ వెల్లే బాగుంది. కాసేపు ఉంటది నోట్లో.”

అన్నం తినేదాకా ఆ వాక్యం అంటూనే ఉన్నాడు. వల మడిచేటప్పుడు ఒకసారి, కాళ్లు కడుక్కుంటూ ఒకసారి. కంచాలు పెడుతూ సుబ్బాయమ్మ, చేపలకొచ్చే కలకత్తా లారీలవాళ్లతో మాట్లాడ్డానికి పనికొస్తదిలే అంది, ఎవరూ అడగకుండానే.

శనివారం తెల్లారేసరికి జట్టు చెరువులో దిగింది. చలికి నీళ్ల మీద ఆవిరి లేస్తోంది. వల రెండు కొసలూ రెండు గట్ల మీదికి పట్టుకెళ్లి, మధ్యలోవాళ్లు మెడలోతు నీళ్లలో అడుగు మీద అడుగేస్తూ ఈడుస్తున్నారు. కింద తాడు పైకి తేలితే చేపంతా అడుగు నుంచి జారిపోతుంది. అందుకని కాలి వేళ్లతో దాన్ని బురదలోకి తొక్కుతూ నడవాలి. ఆ పని ఎప్పుడూ ముత్యాలరాజుది, పక్కన హరీష్‌ది. ఇప్పుడు హరీష్ చోట అజయ్ నడుస్తున్నాడు. కొత్త కాదు, బాగానే తొక్కుతున్నాడు. ముత్యాలరాజు మాత్రం అలవాటుగా రెండు మూడుసార్లు పక్కకి చెయ్యి చాపి తాడు సర్దబోయి, వెనక్కి తీసుకున్నాడు.

సాయిదుర్గ క్యారేజీ పట్టుకుని వచ్చేసరికి వల దగ్గరపడింది. శీలావతి, బొచ్చె చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. తట్టల్లోకి ఎత్తడం, కాటా వెయ్యడం, ట్రేల్లో ఒక వరస చేప, ఒక వరస ఐసు పొడి వేసి లారీకి ఎక్కించడం, అంతా పొద్దెక్కేదాకా సాగింది. లారీ వెళ్లాక చెరువు గుత్తదారు చలపతిరావు కూర చేపలు విడిచిపెట్టాడు. పట్టుబడి రోజున జట్టుకి ఇంటి కూరకని చేపలు వదలడం ఆ చెరువుల మీద ఎప్పుడూ ఉన్నదే.

వాటిని పంచుకునే పద్ధతి కూడా పాతదే. తాతాజీ గట్టు మీద పట్టా పరిచి, చేపల్ని మనిషికొక కుప్ప చొప్పున పెడతాడు. వల వాటా అని చివర ఇంకొకటి. ఎంత సరిచూసి పెట్టినా ఒక కుప్ప కాస్త పెద్దదవుతుంది, ఒకటి చిన్నదవుతుంది. అందుకని జట్టులో వయసైనవాడు కుప్పలకి వీపు పెట్టి చెరువు వైపు తిరిగి నిలబడతాడు. తాతాజీ ఏదో ఒక కుప్ప మీద కర్ర పెట్టి, ఇది ఎవరికి అంటాడు. అటు తిరిగినవాడు చూడకుండా పేరు పిలుస్తాడు. ఎవరి కుప్ప వాళ్లది, అలగడానికి లేదు. పిలిచేవాడు ముత్యాలరాజే. ఆయన పిలిస్తే పేచీ రాదని జట్టుకి నమ్మకం.

ఆయన తడిసిన తలపాగా విప్పి మెడలో వేసుకుని, కుప్పలకి వీపు పెట్టి నిలబడ్డాడు.

“ఇది ఎవరికి?”

“అబ్బాయిరాజుకి.”

“ఇది?”

“అజయ్‌కి.”

పేర్లు పడుతున్నాయి. మనుషులు వంగి సంచుల్లో వేసుకుంటున్నారు. తాతాజీ కర్ర మరో కుప్ప మీద పెట్టాడు.

“హరీష్‌కి,” అన్నాడు ముత్యాలరాజు.

గొంతులో తడబాటు లేదు. ఎన్నేళ్లుగానో తన పేరుకి ముందు ఆ పేరే పిలుస్తున్నాడు, నోరు దాని దారిన అది పోయింది. సాయిదుర్గ చేతిలో క్యారేజీ మూత గట్టు మీద పడి దొర్లింది. తాతాజీ కర్ర ఆ కుప్ప మీదే ఉండిపోయింది. ఎవరూ ఏమీ అనకపోవడంతో, ఇంకోదాని మీద పెట్టు బావా అన్నాడు ముత్యాలరాజు, అటు తిరిగే. తాతాజీ పెట్టాడు. తనకి అన్నాడు. తాతాజీకి అన్నాడు. చివరిది వలకి.

తిరిగి చూసేసరికి పట్టా మీద ఒక కుప్ప మిగిలి ఉంది. ముత్యాలరాజు దాన్ని చూశాడు, తర్వాత జట్టు మొహాలు చూశాడు. అప్పుడు తెలిసింది. తప్పు ఆయనొక్కడిదే అయితే కుప్ప తక్కువయ్యేది. తాతాజీ ఒక్కడిదే అయితే పేరు తక్కువయ్యేది. కుప్పలు పెట్టిన చెయ్యీ, పేర్లు పిలిచిన నోరూ రెండూ పాత లెక్కలోనే ఉండబట్టి ఎక్కడా తేడా రాలేదు.

“నా చెయ్యి బావా,” అన్నాడు తాతాజీ. “చెయ్యి అలా పెట్టేసింది.”

ఆ కుప్ప ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని విడదీసి తలా ఒకటి వేసుకోవడానికి ఎవరికి చేతులొస్తాయి. తాతాజీ చివరికి సాయిదుర్గ వైపు తిరిగి, మీ అన్న వాటా నువ్వు తీసుకోమ్మా అన్నాడు. సాయిదుర్గ ముందుకి వచ్చింది. ముత్యాలరాజు అడ్డం వచ్చి, దానికి సోమారం ఇంటర్వ్యూ ఉంది, చేతులు నీసు కొడతాయి అన్నాడు. సోమవారానికి ఇంకా రెండు రోజులుందని అక్కడున్నవాళ్లందరికీ తెలుసు. ఆయనే వంగి, తన సంచిలోనే తన కుప్ప మీద ఆ చేపలు ఒక్కొక్కటీ పేర్చుకున్నాడు.

ఇంటి దగ్గర సుబ్బాయమ్మ కత్తిపీట, బూడిద ముందేసుకుని కూర్చుంది. ముత్యాలరాజు సంచి దింపి, ఏదో ఒక మాట చెప్పడానికి నిలబడ్డాడు. గుత్తదారు కొసరు ఇచ్చాడని చెప్పాలనుకున్నాడో, తాతాజీ పొరపాటు పడ్డాడని చెప్పాలనుకున్నాడో. ఆవిడ సంచి బేసినులో వంచింది. అడుగున ఉన్న శీలావతిని మొప్పలు ఎత్తి చూసి, తాజాగా ఉందంటూ చేప తోమడం మొదలుపెట్టింది. ఎక్కువెందుకొచ్చిందని అడగలేదు. ఆవిడ ఇంటికి ఎప్పుడూ రెండు కుప్పలే వచ్చేవి. సాయిదుర్గ గుమ్మంలో నిలబడి, అమ్మకి ఎప్పుడు తడుతుందా అని చూస్తూ ఉంది. సగం చేపలు తోమాక ఆవిడ చేతులు ఆగిపోయాయి. బేసినులోకి చూసింది. మొగుడి మొహంలోకి చూసింది. తర్వాత తల దించుకుని మిగతావి కూడా తోమింది. ఆ పూట పులుసు ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు.

సోమవారం సాయిదుర్గ ఏలూరులో పాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెంలో దిగింది. ఆస్పత్రి గోడలకి రంగు వాసన ఇంకా పోలేదు. లోపల ముగ్గురు కూర్చున్నారు. పేరు, చదువు అయ్యాక మధ్యలో కూర్చున్నాయన కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే, ఎనీ బ్రదర్స్ ఆర్ సిస్టర్స్ అని అడిగాడు.

“నో సర్. ఐ యామ్ ది ఓన్లీ చైల్డ్.”

ఎంత శుభ్రంగా వచ్చిందంటే, ఆయన తల ఎత్తి చూశాడు. గుడ్ అన్నాడు. ఇందుజ చెప్పినట్టే ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. తర్వాతవన్నీ తేలిక. పేషెంటు తాలూకువాళ్లు కోపంగా వస్తే ఏం చేస్తావు, నైటు డ్యూటీ చేస్తావా, ఇలాంటివి. అరగంట బయట కూర్చోబెట్టి, ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు.

సాయిదుర్గ స్టేషనుకి నడిచి వచ్చింది. ఫోన్‌లో చెబితే ఇందుజ సంతోషించింది, నిస్సీ కేకేసింది. సాయిదుర్గ ప్లాట్‌ఫారం మీద కుళాయి దగ్గర నోరు పుక్కిలించింది. మళ్లీ పుక్కిలించింది. అన్నయ్య లేడు అని ఆ గదిలో ఎవరూ ఆమె చేత అనిపించలేదు. కావాలనే, ముందే నేర్చుకుని, గొంతు వణక్కుండా అంది. ఆ కుళాయి దగ్గరే ఏడుద్దామనుకుంది. ఏడుపు రాలేదు.

సాయంత్రం లంకలో దిగి ఇంటికి పోకుండా తిన్నగా చెరువు మీదికి వెళ్లింది. ఆ రోజు పట్టుబడి వానాకాలం నుంచీ ముట్టుకోని చెరువులో. మోటారు షెడ్డుకి కొత్త వైర్లు వేశారు. మధ్యాహ్నం మొదలైన పని అప్పుడే అయిపోవచ్చింది. ఆఖరి ట్రేలు లారీ ఎక్కుతున్నాయి. కలకత్తా మార్కెట్ తరఫున వచ్చిన నడివయసు మనిషి, మెడకి మఫ్లరు చుట్టుకుని, కాటా దగ్గర నిలబడి ఉన్నాడు. తెలుగు బొత్తిగా రాదు, ఇంగ్లిష్ కాస్త వచ్చు.

ఉద్యోగం వచ్చిందని చెప్పగానే ముత్యాలరాజు మొహం విప్పారింది. చాలా రోజుల తర్వాత. చేతులు నీసుగా ఉన్నాయని కూతుర్ని ముట్టుకోకుండా, మోచేత్తో భుజం మీద తట్టాడు. ఆ సంతోషంలో కలకత్తా మనిషికి కూతుర్ని చూపించి, డాటర్, జాబ్, గూడెం అన్నాడు. ఆయన కూడా నవ్వి, గుడ్ గుడ్ అని, ఓన్లీ డాటర్ అని అడిగాడు.

ముత్యాలరాజు ఆ రోజు కోసమే నేర్చుకున్నవాడిలా నిటారుగా నిలబడ్డాడు.

“నో సార్. ఐ హేవ్ ఏ సన్ యాజ్ వెల్.”

అనేసి, సరిగ్గా వచ్చిందా అన్నట్టు కూతురి వైపు చూశాడు. సాయిదుర్గ తలూపింది. కలకత్తా మనిషి వెరీ గుడ్ అని, సన్ ఏం చేస్తాడని అడిగాడు. ముత్యాలరాజుకి వచ్చిన ఇంగ్లిష్ అక్కడితో అయిపోయింది. ఏమంటున్నాడమ్మా అన్నాడు.

“అన్నయ్య ఏం చేస్తాడని అడుగుతున్నారు నాన్నా.”

ముత్యాలరాజు చెరువు వైపు చూశాడు. కొత్త వైర్ల వైపు చూశాడు.

“చెప్పు,” అన్నాడు. “నీకు వచ్చుగా.”

ఏ ప్రశ్న రాకూడదని సాయిదుర్గ ఓన్లీ చైల్డ్ అనడం నేర్చుకుందో అదే ప్రశ్న వచ్చి ఎదురుగా నిలబడింది. దీనికి మేడమ్ ఏ వాక్యమూ ఇవ్వలేదు. సాయిదుర్గే వెతుక్కుంది.

“మై బ్రదర్ డైడ్ హియర్, సర్. ఇన్ దిస్ పాండ్.”

గొంతు చివరి మాట దాకా నిలిచింది, తర్వాత నిలవలేదు. కలకత్తా మనిషి మఫ్లరు తీసి చేతిలో పట్టుకున్నాడు. తనే ముత్యాలరాజుకి దగ్గరగా వచ్చి, నీసు చూడకుండా ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

“ఏం చెప్పావమ్మా?” అన్నాడు ముత్యాలరాజు.

“వల లాగుతాడని చెప్పాను నాన్నా.”

ముత్యాలరాజు కూతురి కళ్ల వైపు చూశాడు, తన చేతులు పట్టుకున్న మనిషి వైపు చూశాడు. అర్థమవడానికి ఏ భాషా రానవసరం లేదు.

“బాగా చెప్పావు,” అన్నాడు.

పట్టా దగ్గర నుంచి తాతాజీ పిలిచాడు. ముత్యాలరాజు వెళ్లి కుప్పలకి వీపు పెట్టి, చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు. తాతాజీ ఈసారి వేలితో ఎంచుకుంటూ కుప్పలు సరిగ్గానే పెట్టాడు. ఇది ఎవరికి అంటే ముత్యాలరాజు పేరు పిలిచాడు. ఒక్కో పేరుకీ ముందు కాస్త ఆగి, ఆచితూచి పిలిచాడు. అబ్బాయిరాజు, అజయ్, మిగతావాళ్లు, తను, తాతాజీ, చివరికి వల. పట్టా ఖాళీ అయింది, ఎవరి సంచి వాళ్లు భుజానికెత్తుకున్నారు. అయిపోయింది బావా, ఇటు తిరుగు అన్నాడు తాతాజీ. ముత్యాలరాజు ఇంకా అటే తిరిగి నిలబడి ఉన్నాడు.